సిల్లా భిక్షువు హ్యేచో – దక్షిణాపథ సాక్ష్యము

క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దమున కొరియా దేశపు యువభిక్షు వొకడు కాలినడకను మన దక్షిణాపథమునకు వచ్చి, ఇచ్చటి రాజును, పంటలను, పశువులను, విహారములను గూర్చి వ్రాసియుంచెను. ఆయన పేరు హ్యేచో. ఆ పేరునందలి మొదటి అక్షరమునకు ప్రజ్ఞ యని యర్థము. నేడు కొరియాలో విద్యార్థులందరు నెరిగిన పేరిది. మన కళాశాలలలో మాత్రము ఫాహియాన్, హ్యూయన్‌త్సాంగ్, ఇత్సింగ్ అను మూడు పేర్లు వినబడినంతగా ఈ నాల్గవ పేరు వినబడుట లేదు. ఆయన చరితమును సంగ్రహముగా చెప్పి, ఆయన వ్రాత ఆంధ్రదేశచరిత్రకు ఎంతవరకు ప్రమాణమగునో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పూర్వము కొరియాలో కొగుర్యో, పెక్చే, సిల్లా అను మూడు రాజ్యము లుండెను. బౌద్ధము 372లో కొగుర్యోకును, 384లో పెక్చేకును చైనా మార్గమున వచ్చెను. సిల్లాలో 527లో పొఫుంగ్ రాజు దానిని అంగీకరించెను. ఆరవ శతాబ్దముననే అది పెక్చే నుండి జపానునకు చేరెను. కొరియా ఇట్లు ఒకవైపున శిష్యస్థానమునను, మరియొకవైపున గురుస్థానమునను నిలిచినది. సిల్లా రాజులు టాంగ్ చక్రవర్తుల తోడ్పాటుతో 660లో పెక్చేను, 668లో కొగుర్యోను జయించిరి. పిదప తమకు తోడైన ఆ టాంగ్ సేనలనే 676 నాటికి వెడలగొట్టిరి. లిపిని, శాస్త్రములను చైనా నుండి గ్రహించిరి గాని స్వాతంత్ర్యమును విడువలేదు. విద్యను గ్రహించుట వేరు, లొంగియుండుట వేరు.

మన శాస్త్రములు హ్యేచో పుట్టుటకు ముందే ఆ దేశమును చేరినవి. ఆంధ్రరాజధాని యగు వేంగికి చేరువనున్న కొండపై దిఙ్నాగుడు హేతువిద్యాగ్రంథమును రచించెనని హ్యూయన్‌త్సాంగ్ తెలిపెను. ఆ హేతువిద్యను హ్యూయన్‌త్సాంగ్ చైనాకు కొనిపోగా, సిల్లా పండితుడు వొన్హ్యో (617–686) దానిని పఠించి, 671లో అనుమానవిచారముపై ఒక గ్రంథము వ్రాసెను. అందు హ్యూయన్‌త్సాంగ్ ప్రయోగించిన అనుమానమునందే దోషమును చూపెను. భారతభూమిపై అడుగిడని ఒక పండితుడు పక్షహేతుదృష్టాంతములను అంత సూక్ష్మముగా పరీక్షించుట మన తార్కికులు గమనింపదగిన విషయము.

కొందరు సిల్లా భిక్షువులు స్వయముగ భారతదేశమునకు వచ్చిరి. వారి కథలను ఇత్సింగ్ సంగ్రహించెను. వారిలో ఆర్యవర్మ యను సంస్కృతనామము ధరించిన భిక్షువు నాలందలో చదివి, డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట అక్కడనే దేహము చాలించెను. భారతీయులు కొరియా దేశమును కుక్కుటేశ్వరమని పిలిచెడివారనియు, ఆ దేశీయులు కోడిని దైవముగ పూజించి దాని యీకలను తలపై ధరించుటయే అందులకు కారణమనియు ఇత్సింగ్ చెప్పెను. సిల్లాకు గ్యేరిమ్, అనగా కోడివనము, అను నామాంతర మున్నది. అరణ్యమున తెల్లకోడి కూయగా, బంగారుపెట్టెలో దొరికిన శిశువే కిమ్ వంశమునకు మూలపురుషుడని వారి ఐతిహ్యము. కుక్కుటేశ్వరుడన్నంతనే మనకు పిఠాపురము తలపునకు వచ్చును. ఇది నామసామ్యమే గాని సంబంధమునకు సాధనము కాదు. ఇట్టి సామ్యములపై చరిత్రను నిర్మింపరాదు. ఇట్టిది చాలనుకొనువారికి హ్యేచో జీవితమే తగిన సమాధానము. ఏలయన అది పేర్లపోలికపై గాక, తేదీలు గల వ్రాతలపై నిలిచినది.

హ్యేచో సుమారు 704లో సిల్లా దేశమున జన్మించెను. బాల్యముననే చైనాకు పోయెను. సుమారు 723లో, ఇరువదియేండ్ల ప్రాయమున, సముద్రమార్గమున భారతదేశమునకు బయలుదేరెను. తూర్పుతీరమున దిగి వైశాలి, కుశీనగరము, వారణాసి, రాజగృహము, బుద్ధగయ మొదలగు క్షేత్రములను దర్శించెను. ఆయన గ్రంథమునకు వాంగ్-ఓచెన్‌చుక్‌గుక్-చెన్ అని పేరు. భారతదేశపు ఐదు భాగములకు పోయివచ్చిన వృత్తాంతమని దాని యర్థము. మధ్య, పూర్వ, దక్షిణ, పశ్చిమ, ఉత్తర భాగములుగ దేశమును చూచుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో దేశవిభాగమును ఈ తీరుననే చేసెను.

హ్యేచో వచనము మితమైనది. భారతదేశమున చెరసాలలును, కొరడాదెబ్బలును, మరణశిక్షయు లేవనియు, నేరమునకు తగిన ధనదండనమే కలదనియు ఆయన వ్రాసెను. జనులు అన్నము వండుటకు ఇనుపపాత్రలను గాక మట్టికుండలను వాడుదురని గమనించెను. ప్రతి రాజునకు ఏనుగు లెన్నియో లెక్కించెను. పశ్చిమభారతము అరబ్బుల దాడిచే సగము పాడైనదని తెలిపెను. సింధుదేశము 712లో అరబ్బుల వశమైన కొలదికాలమునకే వ్రాసిన వ్రాత యగుటచే దీనికి విలువ మెండు.

మధ్యభారతము నుండి దక్షిణముగ మూడు నెలలకు పైగా నడచి ఆయన దక్షిణదేశపు రాజు నివాసమును చేరెను. ఆ రాజునకు 800 ఏనుగులు కలవు. దేశము మిక్కిలి విశాలము. దక్షిణ, పూర్వ, పశ్చిమ సముద్రములు దానికి ఎల్లలు. భాష మధ్యదేశపు భాషకంటె కొంత భిన్నము, ఎండ హెచ్చు. నూలుబట్టలు, ఏనుగులు, గేదెలు, ఆవులు కలవు, గొఱ్ఱెలు కొద్ది, ఒంటెలు, గాడిదలు లేవు. వరి పండును. రాజును ప్రజలును త్రిరత్నములను సేవింతురు, విహారములు పెక్కు, మహాయానహీనయానములు రెండును కలవు.

ఆ రాజు బాదామి చాళుక్యుడగు విజయాదిత్యుడని (696–733) పలువురు పండితుల నిర్ణయము. కాలమునుబట్టి అది సరియే. కాని మూడు సముద్రముల మాట యథార్థమైన ఎల్ల కాజాలదు. అప్పుడు వేంగిలో తూర్పుచాళుక్యులును, కంచిలో పల్లవులును రాజ్యమేలుచుండిరి. మూడు సముద్రములకు అధిపతి యనుట సాతవాహనుల కాలము నుండి దక్షిణసార్వభౌములకు చెల్లుచున్న బిరుదు. బాణభట్టు హర్షచరితమున నాగార్జునుని మిత్రుడగు సాతవాహనరాజును ఆ విశేషణముతోనే పేర్కొనెను. హ్యేచో రాజనగరమున ఈ సంప్రదాయోక్తిని విని భూగోళవర్ణనముగ గ్రహించెనని మా యభిప్రాయము.

ఇక ముఖ్యవిషయము. దక్షిణదేశమున కొండలలో ఒక మహావిహారము కలదనియు, దానిని నాగార్జునుడు యక్షులచే కట్టించెనే గాని మానవులచే గాదనియు హ్యేచో వ్రాసెను. స్తంభములు కొండనే తొలిచి మలచినవి, అంతస్తులు మూడు, చుట్టుకొలత మూడువందల అడుగుల నడకకు మించినది. నాగార్జునుడు జీవించియుండగా అందు మూడువేలమంది భిక్షువు లుండెడివారు. దినమునకు షి యను చైనా కొలతలో 15 కొలల బియ్యము వారికి సరిపోయెడిది. ఎంత వండినను తరిగెడిది కాదు. తన కాలమునకు ఆ విహారము పాడుపడినదనియు, అందు ఒక్క భిక్షువును లేడనియు ఆయన ముగించెను.

ఇది నాగార్జునకొండయే యని చెప్పవలెనని తెలుగువారికి తోచుట సహజము. అచ్చటి వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షపు శాసనము, శ్రీపర్వతము పేరును, కాశ్మీర గాంధార చీనాది దేశములను ధర్మమునకు ప్రసన్నములు గావించిన ఆచార్యుల ప్రస్తావమును కలిగియున్నది. కాని ప్రమాణమును వదలి ప్రమేయమును సాధింపరాదు. నాగార్జునకొండ త్రవ్వకములలో బయల్పడినవి ఇటుకలతో కట్టిన విహారములు, రాతికంబముల మండపములు. కొండను తొలిచిన అంతస్తులు కావు. కోసలదేశపు భ్రమరగిరిపై సాతవాహనరాజు నాగార్జునునకై ఐదంతస్తుల విహారమును తొలిపించెనని హ్యూయన్‌త్సాంగ్ చెప్పెను. ఫాహియాన్ అంతకుపూర్వమే ఐదంతస్తుల గుహావిహారమును గూర్చి, తాను పోకయే, విని వ్రాసెను. దానిని కాశ్యపబుద్ధునకు చెందినదిగ పేర్కొనెను. అంతస్తులు మారినవి, అధిష్ఠాత మారెను; కథాశరీరము మాత్రము నిలిచినది.

హ్యేచో రచనాక్రమమే ఇచ్చట తీర్పునకు తోడ్పడును. తాను పోయిన చోటికి ఏ దిక్కున ఎన్నినాళ్లు నడచి చేరెనో ఆయన సాధారణముగ చెప్పును. రాజనివాసమునకు అట్టి లెక్క కలదు, కొండవిహారమునకు లేదు. కావున మొదటిది ప్రత్యక్షము, రెండవది ఐతిహ్యము. ఐతిహ్యమైనంత మాత్రమున అది వ్యర్థము కాదు. సుమారు 725లో దక్షిణాపథమున నాగార్జునుని విహారకథను జనులు చెప్పుకొనుచుండిరనుటకు, ఆ విహారము శూన్యమైనదని నాడు తలచిరనుటకు అది తిరుగులేని సాక్ష్యము.

ఈ సాక్ష్యమునకు జోడుగ నిలుపదగినది మన చేరువనే యున్నది. తిరువూరు నేడున్న ఎన్.టి.ఆర్. జిల్లాలోనే జగ్గయ్యపేట కలదు. అచ్చటి స్తూపమును 1882లో బర్జెస్ పరిశోధించెను. అందొక బుద్ధప్రతిమపై, లిపినిబట్టి సుమారు ఆరవ శతాబ్దమునకు చెందిన సంస్కృతశాసనము దొరకినది. నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆతని శిష్యుడు చంద్రప్రభుడు ఆ ప్రతిమను నిలిపెనని దాని సారము. ఈ నాగార్జునుడు మాధ్యమికకారిక రచించిన ఆచార్యుడు కానేరడు. ఆ నామమును ధరించిన తరువాతివాడు. హ్యేచో రాకకు ఒకటి రెండు శతాబ్దముల ముందు కృష్ణాతీరమున నాగార్జుననామముతో గురుశిష్యపరంపర నడచినదని దీనివలన తేలుచున్నది. కొండవిహారపుకథకు వెనుక నున్నది యక్షుల పని గాదు, ఇట్టి పరంపరయే.

దక్షిణమార్గమున హ్యేచో ఒక చిన్న పద్యము వ్రాసెను. వెన్నెలరాత్రి స్వదేశపు త్రోవ వైపు చూచి, వేడిదేశమగుటచే తన వార్తను గ్యేరిమ్‌నకు కొనిపోవుటకు ఇచ్చట అడవిబాతు లైనను లేవని వగచెను. ఉత్తరభారతమున, చదువు ముగించి ఇంటికి మరలబోవుచు మరణించిన యొక చైనా భిక్షువు కథ విని మరియొక పద్యము వ్రాసెను. అనంతరము కాశ్మీరము, గాంధారము, బామియాన్ దాటి, పామీరు పర్వతముల మీదుగ 727వ సంవత్సరము పదునొకండవ మాసమున కూచా పట్టణమును చేరెను.

హ్యేచో స్వదేశమునకు మరలలేదు. 733లో చాంగాన్ నగరమున వజ్రబోధి (మరణము 741) సన్నిధిని మంత్రయానమును అభ్యసింప మొదలిడెను. వజ్రబోధి దక్షిణభారతీయుడనియు, కంచి పల్లవరాజు అనావృష్టికాలమున ఆయనచే వర్షమునకై ప్రార్థన చేయించెననియు, నాగార్జునశిష్యుడని పేరొందిన ఆచార్యునియొద్ద ఆయన మంత్రశాస్త్రము నేర్చెననియు చైనా చరిత్రలు చెప్పును. శూన్యమైన నాగార్జునవిహారమును గూర్చి విని వచ్చిన హ్యేచోకు నాగార్జునపరంపర ఇట్లు చాంగాన్‌లో లభించెను. సహస్రబాహువులు, సహస్రపాత్రలు గల మంజుశ్రీని గూర్చిన తంత్రమును 740లో వజ్రబోధి అనువదింపగా, హ్యేచో లేఖకుడుగ నుండెను. గురువు పోయిన పిదప ఆ సంస్కృతమూలమును దక్షిణదేశముననున్న ఆచార్యునకు తిరిగి పంపిరని దాని పీఠిక తెలుపుచున్నది.

పిమ్మట హ్యేచో అమోఘవజ్రుని సేవించెను. అమోఘవజ్రుడు 774లో వ్రాయించిన మరణశాసనమున ఆరుగురు ముఖ్యశిష్యులలో హ్యేచోను రెండవవానిగ, సిల్లా దేశీయునిగ పేర్కొనెను. ఆ యేడే చక్రవర్తి యాజ్ఞచే హ్యేచో వర్షమునకై ప్రార్థన సలిపెను. కంచిలో గురువు చేసిన కార్యమే చాంగాన్‌లో శిష్యునకు వచ్చినది. 751లో సిల్లా రాజధాని క్యోంగ్‌జు చెంత సొక్కురామ్ గుహాలయమును ఆరంభించి, బుద్ధుని భూమిస్పర్శముద్రతో ప్రతిష్ఠించిరి. ఆ ముద్రకు స్థానమైన బుద్ధగయలో మ్రొక్కిన సిల్లా భిక్షువు పరదేశముననే ముసలివాడయ్యెను. 780లో వూతాయ్ పర్వతమున గురువునొద్ద గ్రహించిన తంత్రమును మరల వ్రాసి, కొన్నియేండ్లకు అచ్చటనే కాలధర్మము నొందెను.

తరువాత ఆయన పేరు వేయేండ్లకు పైగా మరుగున పడెను. స్వదేశపు ప్రాచీనచరిత్రలలో ఆయన జీవితకథ లేదు. 1908లో ఫ్రెంచి పండితుడు పాల్ పెలియో తున్‌హువాంగ్ గుహలో మొదలు, చివర చినిగిన చుట్ట నొకదానిని కనుగొనెను. పంక్తులు 227, అక్షరములు సుమారు ఆరువేలు. గ్రంథనామము గాని, కర్తృనామము గాని మిగులలేదు. తొమ్మిదవ శతాబ్దారంభమున హుయిలిన్ అను భిక్షువు రచించిన కఠినపదకోశమున హ్యేచో గ్రంథమునందలి పదములకు అర్థములు గలవు. ఆ పదములు ఈ చుట్టలోని పదములతో ఆ క్రమముననే సరిపోవుటచే పెలియో దానిని గుర్తించెను. హ్యేచో సిల్లా దేశీయుడని 1915లో జపాను పండితుడు తకకుసు నిరూపించెను. ఆ చుట్ట నేడు పారిస్ జాతీయగ్రంథాలయమున నున్నది. గ్రంథకర్త పేరును కాపాడినది ఒక నిఘంటువు. కోశపఠనమును శుష్కమని తలచు విద్యార్థులకు దీనికంటె మంచి యుదాహరణము దొరకదు.

మూడువేలమందికి తరుగని బియ్య మున్నదని చెప్పిన విహారమే నిర్జనమైనది. విద్య నిలిచినది బియ్యముచేత గాదు, కొండకంబములచేత గాదు. అడుగుటకు దూరదేశము నుండి వచ్చిన శిష్యునిచేత, చెప్పుటకు సముద్రము దాటిన గురువుచేత. విద్యార్థుల సంఖ్య ఏటేట తగ్గుచున్న మన పాఠశాలలలో ఈ మాట తలచుకొనదగినది. హ్యేచో గ్రంథమునందలి దక్షిణదేశభాగమును జగ్గయ్యపేట శాసనముతో జోడించి శాసనపాఠముగ బోధించినచో, కోశము, న్యాయము, చరిత్ర అను మూడును ఒక్కచోట విద్యార్థికి అలవడును.