అణా ఫలహారం: సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారు

నవరాత్రులలో అమ్మవారిని అన్నపూర్ణగా అలంకరించుకునే ఈ రోజుల్లో బడిపిల్లల ఆకలిని పట్టించుకున్న ఒక తెలుగు పెద్దను తలచుకుందాం. చెన్నై వెళ్ళినప్పుడు టి. నగర్‌లో పట్టుచీరలు కొనని కుటుంబాలు మనలో తక్కువే. ఆ ‘టి’ ఈయన పేరే, త్యాగరాయ నగర్!

శ్రీ త్యాగరాయ చెట్టి గారు 1852 ఏప్రిల్ 27న తెలుగు దేవాంగ కుటుంబంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. చదివి, నేత పరిశ్రమ నడిపారు. దాదాపు నలభై ఏళ్ళు మద్రాసు కార్పొరేషన్ సభ్యులు. 1916లో జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరు. 1920 ఎన్నికలలో పార్టీ గెలిచాక మంత్రివర్గానికి నాయకత్వం వహించమని గవర్నరు పిలిస్తే ఆయన ఒప్పుకోలేదు. కార్పొరేషన్ అధ్యక్షులుగా కూడా పనిచేశారు.

థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో చదివేవారు నిరుపేదల పిల్లలు. పేదరికం వల్ల హాజరు పలచబడుతోందని ఆయన గ్రహించారు. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలకు నీరసం, తలనొప్పి, పాఠం మీద నిలవని ధ్యాస... వైద్యులుగా మాకిది తెలిసిన సంగతే. ఆయనకు ఏ పరీక్షలూ అవసరం కాలేదు. 1920 సెప్టెంబరులో పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకుండా ఫలహారం పెట్టాలని కార్పొరేషన్ చేత తీర్మానం చేయించారు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. దాత దయ చూపితే పెట్టేది కాదు, నగర ఖజానా నుండి పెట్టేది. అదే ఇందులోని కొత్తదనం.

తరువాత మరో నాలుగు బడులకు విస్తరించారు. ఆ అయిదు బడులలో 1922-23లో 811 మంది ఉన్న పిల్లలు 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు.

అయితే ప్రాథమిక విద్యా నిధిని తిండికి ఖర్చు చేయరాదని ప్రభుత్వం 1925 ఏప్రిల్ 1 నుండి అనుమతి నిరాకరించింది. పిల్లలు రెట్టింపయ్యారన్న లెక్క కంటే పద్దు పేరే ముఖ్యమైంది! అదే నెల 28న చెట్టి గారు పరమపదించారు.

మన మిషిగన్‌లో ఇంటి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు రాష్ట్ర నిధులతో ఉచిత భోజనం 2023-24లో మొదలైంది. అంతకు ముందు ఏడాది, 2022 సెప్టెంబరు 15న, తమిళనాడు ప్రభుత్వం ప్రాథమిక తరగతులకు ఉదయపు ఫలహారం ప్రారంభించినప్పుడు థౌజండ్ లైట్స్ బడి పేరు, చెట్టి గారి పేరు మళ్ళీ వినిపించాయి.