మా ఇంట్లో తెగని తగవు: షుగర్ రే రాబిన్సన్

మా ఇల్లు రాయపురంలో. ఉత్తర మద్రాసులో పుట్టినవాళ్లకి బాక్సింగ్ అంటే ఎక్కడో అమెరికా ఆట కాదు. ఇక్కడ దాన్ని కుత్తుచ్చండై అంటారు. సార్పట్టా పరంపర, ఇడియప్ప నాయకర్ పరంపర అని జట్లుండేవి. సినిమా వచ్చాక అందరికీ తెలిసింది గానీ మా వీధి అరుగుల మీద ఆ కబుర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మా తాత జన్మలో గ్లవ్స్ తొడిగిన మనిషి కాదు. అయినా 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు వెళ్లి చూశాడు. ఎంత దూరంలో నిలబడ్డాడంటే, ఇద్దరిలో అలీ ఎవరో పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నాడట. ఏమైతేనేం, ప్రపంచంలో అందరికంటే గొప్ప బాక్సర్ ఎవరన్న ప్రశ్న తాత వరకు ఆ రోజే తేలిపోయింది.

మా అన్న ఒప్పుకోడు. వాడు కామర్స్ చదివాడు, అంకెలు చూపిస్తాడు. రాకీ మార్సియానో 49 పోటీలు ఆడి 49 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు, ఇంకేం కావాలంటాడు. పండగ పూట కూడా ఇదే గొడవ. వీళ్ల నోళ్లు మూయించాలని నేనూ చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తగిలిన పేరు షుగర్ రే రాబిన్సన్. బాక్సింగ్ గురించి రాసేవాళ్లు వేసే జాబితాల్లో మొదటి స్థానంలో ఎక్కువగా కనిపించే పేరు అతనిదే. తీరా చూస్తే 19 సార్లు ఓడిపోయాడు! అన్న నవ్విన నవ్వు మీరు చూడాల్సింది.

అసలు పేరు వాకర్ స్మిత్ జూనియర్. 1921 మే 3న జార్జియా రాష్ట్రంలోని ఎయిలీ అనే ఊళ్లో పుట్టాడు. కుటుంబం డెట్రాయిట్‌కి వలసపోయింది. ఆ వీధిలోనే జో లూయీ అనే కుర్రాడు ఉండేవాడు. తర్వాత హెవీవెయిట్ ప్రపంచ విజేత అయిన జో లూయీయే. చిన్న వాకర్ అతని సంచీ మోసుకుంటూ వెనకాలే జిమ్‌కి వెళ్లేవాడు. అమ్మానాన్నలు విడిపోయాక, సుమారు 12 ఏళ్ల వయసులో, తల్లి పిల్లల్ని తీసుకుని న్యూయార్క్ హార్లెమ్‌కి చేరింది. అక్కడ చిల్లర కోసం వీధుల్లో డాన్స్ చేశాడు. ఆ కాళ్లే తర్వాత రింగులో పనికొచ్చాయని అందరూ రాస్తారు, నాకూ నమ్మబుద్ధి అవుతుంది.

ఔత్సాహికుల పోటీల్లో దిగాలంటే కార్డు కావాలి, దానికి వయసు చాల్లేదు. రే రాబిన్సన్ అనే ఇంకో కుర్రాడి కార్డు అడిగి తీసుకుని దిగాడు. దిగినవాడు గెలుస్తూ పోయాడు, ఇక పేరు మార్చుకునే వీలే లేకపోయింది. అతని ఆట తియ్యగా, పంచదారలా ఉందని ఎవరో అన్నారు. ముందు షుగర్ చేరింది. మొత్తానికి చరిత్రలో నిలిచిన ఆ పేరులో అతను పుట్టినప్పుడు పెట్టింది ఒక్క అక్షరం లేదు.

1940లో డబ్బుకి ఆడడం మొదలుపెట్టాడు. మొదటి 40 పోటీల్లో ఓటమి లేదు. 1943 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జేక్ లామోటా ఓడించాడు. మూడు వారాలు తిరక్కుండా అదే లామోటాని మళ్లీ ఎదుర్కొని గెలిచాడు. (ఇద్దరూ ఆరుసార్లు తలపడ్డారు, ఐదు రాబిన్సన్‌వే.) అక్కడి నుంచి 1951 జూలై దాకా, 91 పోటీలు, ఓటమి అన్నది లేదు. మా అన్నకి ఈ వాక్యం రెండుసార్లు చదివి వినిపించాను. మార్సియానో జీవితం మొత్తం 49 అయితే, ఇతని మధ్య భాగమే 91.

ఇక్కడ బరువుల సంగతి చెప్పాలి, లేకపోతే తగవు అర్థం కాదు. రాబిన్సన్ మొదట వెల్టర్‌వెయిట్, అంటే 147 పౌన్లు, మన లెక్కలో 66 కిలోల పైచిలుకు. ఆ తర్వాత 160 పౌన్ల మిడిల్‌వెయిట్. అలీ, మార్సియానో హెవీవెయిట్లు. చిన్నవాణ్ణి, పెద్దవాణ్ణి ఒక రింగులో పెట్టలేం కదా. అందుకని అందరూ ఒకే బరువున్నట్టు ఊహించుకుని, పౌనుకి పౌను తూచి ఎవరు గొప్ప అని అడగడం అలవాటైంది. ఆ మాట వినగానే మొదట గుర్తొచ్చేది రాబిన్సనే. రెండు చేతుల్లోనూ దెబ్బ ఉంది, వెనక్కి నడుస్తూ కూడా పడగొట్టగలడు, గుద్దు తిన్నా నిలబడతాడు. ఒకరిలో ఇవన్నీ కలిసి ఉండడం అరుదు.

ఇక 1947 జూన్ 24. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అప్పటికి వెల్టర్‌వెయిట్ కిరీటం చేతికొచ్చి ఆరు నెలలే. క్లీవ్‌లాండ్‌లో జిమ్మీ డోయల్ అనే యువకుడితో పోటీ. ముందు రోజు రాత్రి రాబిన్సన్‌కి కలొచ్చింది, తన ఎడమ చేతి దెబ్బకి డోయల్ చనిపోయినట్టు. పొద్దున్నే నేను ఆడను అన్నాడు. పోటీ పెట్టినవాళ్లు ఒక క్రైస్తవ గురువుని పిలిపించి ధైర్యం చెప్పించారు. దిగాడు. ఎనిమిదో రౌండ్‌లో ఎడమ హుక్ తగిలి డోయల్ వెనక్కి పడ్డాడు. మర్నాడు చనిపోయాడు.

విచారణ జరిగింది, కేసు కాలేదు. ఆ డబ్బుతో అమ్మకి ఇల్లు కొనాలని డోయల్ అనుకున్నాడని తెలిసి, రాబిన్సన్ తన తర్వాతి పోటీల సంపాదనలోంచి ఆ తల్లికి డబ్బిచ్చాడు. ఇచ్చాడు, మెచ్చుకోవాలి. కానీ ఆ ఇంట్లో ఆమె ఎలా ఉండిందో అని నాకు అనిపిస్తూనే ఉంటుంది. జాబితాల్లో ఈ పోటీ కూడా నాకౌట్ గెలుపుగానే లెక్కలోకి వస్తుంది. వందకు పైగా నాకౌట్లలో ఒకటి.

కీర్తి మాత్రం అక్కడి నుంచే పెరిగింది. 1951 ఫిబ్రవరి 14న షికాగోలో లామోటాని 13వ రౌండ్‌లో ఆపించి మిడిల్‌వెయిట్ కిరీటం గెలుచుకున్నాడు. అదే ఏడాది జూలైలో లండన్‌లో రాండీ టర్పిన్ చేతిలో ఓడాడు, సెప్టెంబరులో న్యూయార్క్‌లో కంటి మీద నెత్తురు కారుతుండగా టర్పిన్‌ని పడగొట్టి తిరిగి తెచ్చుకున్నాడు. 1952 జూన్‌లో యాంకీ స్టేడియంలో ఇంకా పై తరగతి విజేత జోయీ మాక్సిమ్ మీదకి వెళ్లాడు. అతను 15 పౌన్లు పైగా బరువెక్కువ. మన మే నెల లాంటి ఎండవేడి రాత్రి పూట కూడా తగ్గలేదు. పదో రౌండ్ తర్వాత రిఫరీయే సొమ్మసిల్లితే ఇంకొకర్ని దింపారు. పాయింట్లలో రాబిన్సన్ ముందున్నాడు, కానీ 13 రౌండ్ల తర్వాత స్టూలు మీంచి లేవలేకపోయాడు. అంతకాలం ఆడినవాణ్ణి పోటీ పూర్తి కాకుండా ఆపింది ఆ ఒక్కసారే, అదీ ఎండ.

ఆ డిసెంబరులో విరమించి డాన్సర్‌గా వేదికలెక్కాడు. అది సాగలేదు. 1955లో మళ్లీ రింగులోకి. 1958 కల్లా మిడిల్‌వెయిట్ కిరీటం ఐదోసారి అతనిదైంది.

ఇంటి సంగతి ఎవరూ జాబితాల్లో రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. భార్య ఎడ్నా మే డాన్సర్. పెళ్లయ్యాక ఆమె వృత్తి వెనక్కి పోయింది. తండ్రి తల్లిని కొట్టేవాడని వాళ్ల కొడుకే తర్వాత బయటపెట్టాడు. చివరికి విడాకులయ్యాయి. ఇది చెబితే తాత, ఆట వేరు, ఇల్లు వేరు అన్నాడు. మా అమ్మ వంటింట్లోంచి, చెయ్యి ఒకటే కదా అంది. తాత మాట్లాడలేదు. ఆ తగవులో అమ్మ నోరు తెరవడం నేను చూసింది అదొక్కసారే.

సంపాదించింది సుమారు 40 లక్షల డాలర్లంటారు. హార్లెమ్‌లో సొంత బార్, మంగలి షాపు, లాండ్రీ, గులాబీ రంగు కాడిలాక్ కారు, చుట్టూ పరివారం. పన్నుల బాకీలు మీద పడ్డాయి, డబ్బు కరిగిపోయింది. అందుకే ఆడుతూ పోయాడు. ఆ 19 ఓటముల్ని నేను ఒక కాగితం మీద సంవత్సరాల వారీగా రాసుకున్నాను. 13 ఓటములు 1960 నుంచి వచ్చినవి, ఒక్క 1965లోనే ఐదు. అప్పటికి 44 ఏళ్లు! మార్సియానో 32 ఏళ్లకే చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ 49 గెలుపుల్లో ఒకటి 1951లో జో లూయీ మీద; అప్పటికి లూయీకి 37 ఏళ్లు, అతనూ పన్నుల బాకీ తీర్చడానికే తిరిగొచ్చాడు. ఆ కాగితం అన్నకి చూపించాను. వాడు చాలాసేపు చూసి, అయినా సున్నా సున్నానే అన్నాడు. కామర్స్ కదా.

తాతకి చెప్పింది వేరు. అలీ కుర్రతనంలో రాబిన్సన్‌నే ఆదర్శంగా పెట్టుకున్నాడు. రోమ్ ఒలింపిక్స్‌కి ముందు హార్లెమ్ వెళ్లి కలిస్తే ఈయన పట్టించుకోలేదట. తర్వాత 1964లో లిస్టన్‌తో పోటీ నాడు అలీ పక్కనే ఉన్నాడు. తనకంటే రాబిన్సనే గొప్పవాడని అలీయే ఒప్పుకున్నాడని చెబితే, అది అలీ పెద్దమనసు, దానివల్ల అలీ ఇంకా పెద్దవాడయ్యాడని తాత తీర్పు. ఈయనతో గెలవలేం.

ఈ జాబితాల్లో అమ్మాయిలేరని మీరడగొచ్చు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాక్సింగ్ పెట్టిందే 2012లో. నిజామాబాద్ నిఖత్ జరీన్ ప్రపంచ విజేత అయింది 2022, 2023లలో. ఆ జాబితా వేరే ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

చివరి రోజుల్లో రాబిన్సన్ లాస్ ఏంజెలెస్‌లో పిల్లల కోసం ఒక సంస్థ నడిపాడు. అందులో ఎన్నో ఆటలు నేర్పేవారు, బాక్సింగ్ మాత్రం ఉండేది కాదు. మతిమరుపు జబ్బు వచ్చింది. 1989 ఏప్రిల్ 12న పోయాడు. మా పెద్దవాళ్లతో తగవు పడేటప్పుడు నేను నంబర్ వన్ అనే అంటాను. ఇక్కడ గోడ మీద రాయమంటే మాత్రం డోయల్ తల్లి, ఎడ్నా మే గుర్తొచ్చి చెయ్యి ఆగుతోంది.

1965 డిసెంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వీడ్కోలు సభ పెట్టారు. ఒకప్పుడు అతనితో తలపడిన టర్పిన్, ఓల్సన్, ఫుల్మర్, బసీలియో రింగులోకి వచ్చారు. ప్రపంచంలోకెల్లా గొప్ప బాక్సర్ అని పెద్ద ట్రోఫీ ఇచ్చారు. దాన్ని తన చిన్న అపార్ట్‌మెంట్‌కి మోసుకెళ్లాడు. అంత బరువు ఆపగల బల్ల ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.