లుడ్విగ్ గట్‌మన్

లుడ్విగ్ గట్‌మన్ (జూలై 3, 1899 - మార్చి 18, 1980) జర్మనీలో జన్మించి బ్రిటన్‌లో స్థిరపడిన సుప్రసిద్ధ నాడీవైద్యుడు. వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడినవారికి వ్యాయామాన్ని, ఆటలను చికిత్సలో విడదీయరాని భాగంగా చేసినవాడు. 1948లో ఇంగ్లండులోని ఒక ఆసుపత్రి పచ్చికబయలులో ఈయన నిర్వహించిన చిన్న విలువిద్య పోటీయే కాలక్రమంలో పారాలింపిక్ క్రీడలుగా రూపొందింది. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి చెమట పట్టేలా శ్రమించవచ్చునని, శ్రమించవలెనని వైద్యలోకానికి ఒప్పించి చెప్పినవారిలో ఈయన అగ్రగణ్యుడు. జర్మన్ భాషలో ఈయన ఇంటిపేరు ఉచ్చారణ "గుట్‌మన్"కు దగ్గరగా ఉంటుంది.

బాల్యం, విద్యాభ్యాసం

గట్‌మన్ అప్పటి జర్మన్ సామ్రాజ్యంలోని ఎగువ సైలీషియా ప్రాంతంలో, టోస్ట్ అనే ఊరిలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఈ ఊరు నేడు పోలండ్‌లో టోషెక్ అనే పేరుతో ఉంది. ఈయన పసితనంలోనే కుటుంబం బొగ్గుగనుల పట్టణమైన కోనిగ్‌షూటెకు తరలివెళ్ళింది. ఆ ఊరి గనులే ఈయన జీవితానికి దారి చూపాయని చెప్పవచ్చు.

1917లో, పదునెనిమిదేళ్ళ వయసులో, గట్‌మన్ ఆ పట్టణంలోని ప్రమాదబాధితుల ఆసుపత్రిలో స్వచ్ఛంద సహాయకునిగా చేరాడు. గనిలో వెన్నెముక విరిగిన ఒక యువకార్మికుని అక్కడికి తెచ్చారు. మంచి దేహదారుఢ్యం గలవాడు. నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. ఆ రోగి గురించి శ్రద్ధగా వివరాలు వ్రాసుకుంటున్న గట్‌మన్‌తో, అంత శ్రమ అనవసరమని, అతడు కొద్ది వారాలలో ఎలాగూ చనిపోతాడని పెద్ద వైద్యులు చెప్పారు. వారన్నట్టే ఐదు వారాలలో ఆ యువకుడు మరణించాడు. అయితే అతని ప్రాణం తీసింది విరిగిన వెన్నెముక కాదు. పడకపుండ్లు, మూత్రకోశంలో చేరిన చీము, వాటివల్ల రక్తమంతా విషపూరితం కావడం ఆ మరణానికి కారణాలు. అంటే నివారించదగిన కారణాలు. ఈ సంగతిని గట్‌మన్ జీవితాంతం మరువలేదు.

1918లో బ్రెస్లౌ (నేటి పోలండ్‌లోని వ్రోత్స్వావ్) విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ప్రారంభించి, తరువాత ఫ్రైబుర్గ్‌లో కొనసాగించి, 1924లో పట్టా పుచ్చుకున్నాడు. అనంతరం బ్రెస్లౌలో ప్రఖ్యాత నాడీవైద్యుడు ఆట్‌ఫ్రిడ్ ఫెర్‌స్టర్ వద్ద శిష్యరికం చేశాడు. నడుమ కొద్దికాలం హాంబర్గ్‌లో పనిచేసి, 1929లో గురువు పిలుపుపై తిరిగివచ్చి ఆయనకు ప్రధాన సహాయకుడయ్యాడు.

నాజీల కాలం

1933లో హిట్లర్ అధికారానికి రాగానే యూదు వైద్యులను ప్రభుత్వ ఆసుపత్రుల నుండి తొలగించారు. గట్‌మన్ బ్రెస్లౌలోని యూదుల ఆసుపత్రిలో చేరి, 1937లో దానికి వైద్యాధిపతి అయ్యాడు.

1938 నవంబరు 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల ఇండ్లపై, దుకాణాలపై, ప్రార్థనామందిరాలపై దాడులు జరిగాయి. ఆ రాత్రి ఆసుపత్రి తలుపు తట్టిన ఏ పురుషునినైనా, ఏ ప్రశ్నా వేయకుండా రోగిగా చేర్చుకోవలెనని గట్‌మన్ సిబ్బందిని ఆదేశించాడు. మరునాడు రహస్య పోలీసులు వచ్చి ఒకే రాత్రిలో ఇందరు ఎలా జబ్బుపడ్డారని నిలదీశారు. గట్‌మన్ వారిని మంచం మంచం దగ్గరకు తీసుకువెళ్ళి, ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యాధిని పేర్కొంటూ సమర్థించుకున్నాడు. చేరిన 64 మందిలో 60 మంది ఆనాటి నిర్బంధం నుండి తప్పించుకోగలిగారు. ఈ ఘట్టం ఈయన వైద్యకృషికి నేరుగా సంబంధించినది కాకపోయినా, తరువాతి కాలంలో అధికారులను, తోటి వైద్యులను ఎదిరించి నిలబడిన తీరు దీనివల్ల బోధపడుతుంది.

ఆ తరువాత పోర్చుగల్ పాలకుడు సలాజార్ మిత్రుడొకరికి చికిత్స చేయడం కోసం నాజీ ప్రభుత్వమే ఈయనకు ప్రయాణపత్రాలు ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో లండన్‌లో ఆగినప్పుడు, శరణార్థులైన విద్వాంసులకు తోడ్పడే ఒక బ్రిటిష్ సంఘం ఆశ్రయం ఏర్పాటు చేసింది. 1939 మార్చిలో భార్య ఎల్సే, ఇద్దరు పిల్లలతో కలిసి ఆక్స్‌ఫర్డ్ చేరుకున్నాడు. అక్కడ కొన్నేళ్ళపాటు నరాల గాయాలపై పరిశోధన చేశాడు గాని, రోగులకు స్వయంగా చికిత్స చేసే అవకాశం లేక అసంతృప్తితో గడిపాడు. 1945లో ఈయనకు బ్రిటిష్ పౌరసత్వం లభించింది.

స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి

రెండవ ప్రపంచయుద్ధంలో ఐరోపా భూభాగంపై దాడికి సన్నాహాలు జరుగుతున్నపుడు, వెన్నెముక గాయాలతో తిరిగివచ్చే సైనికుల కోసం ప్రత్యేక కేంద్రం అవసరమని బ్రిటిష్ ప్రభుత్వం భావించింది. బకింగ్‌హామ్‌షైర్‌లోని ఐల్స్‌బరీ పట్టణ సమీపంలో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944 ఫిబ్రవరి 1న ఆ కేంద్రం ప్రారంభమైంది. తన పద్ధతి ప్రకారం పనిచేసే స్వేచ్ఛ ఇస్తేనే అన్న షరతుతో గట్‌మన్ బాధ్యత స్వీకరించాడు. ఇటువంటి రోగులపై కాలం వృథా చేసుకోవడం ఎందుకని తోటి వైద్యులు ఆశ్చర్యపోయారట.

అప్పటి ఆచారం ప్రకారం ఈ రోగులను సున్నపుపట్టీలలో బిగించి, మత్తుమందులిచ్చి, కదల్చకుండా పడుకోబెట్టేవారు. గట్‌మన్ మొదట ఆ పట్టీలను తొలగించాడు. రాత్రింబవళ్ళు ప్రతి రెండు గంటలకు ఒకసారి ప్రతి రోగినీ పక్క మార్చి పడుకోబెట్టాలని కట్టడి చేశాడు. అర్ధరాత్రి వార్డుకు వచ్చి ఈ పని జరుగుతున్నదో లేదో స్వయంగా చూసేవాడు. మూత్రం తీసే గొట్టాన్ని పరిశుభ్రంగా, చేయి తగలకుండా ఎక్కించే విధానాన్ని పట్టుదలగా అమలు చేశాడు. ఈ పనులలో గొప్ప యంత్రాలేవీ లేవు. క్రమశిక్షణ తప్ప మరో రహస్యమూ లేదు. పడకపుండ్లు మానాయి, జ్వరాలు తగ్గాయి, చనిపోతారనుకున్నవారు బ్రతికారు.

బ్రతికినవారు రోజంతా ఏమి చెయ్యాలన్నది తరువాతి ప్రశ్న. ఆసుపత్రిలోనే వడ్రంగం, గడియారాల మరమ్మత్తు, టైపింగ్ వంటి పనులు నేర్పించాడు. దానితోపాటు వ్యాయామం. రోగులు ఈయనను ప్రేమగా "పాపా" అని పిలిచేవారు. ఆ పిలుపులో భయమూ కొంత ఉండేది.

వ్యాయామం చికిత్సగా

మంచంమీదనే బరువైన బంతిని విసరడం, పట్టుకోవడంతో ఈ వ్యాయామాలు మొదలయ్యేవి. ఆ తరువాత ముష్టిఘాతాల సంచీ, బాణపుములుకులు గోడబల్లపై విసిరే డార్ట్స్, స్నూకర్ వంటి తేలిక ఆటలు. సైనికులు ఒకనాడు చేతికర్రలతో చక్రాల కుర్చీలలో పోలో వంటి ఆట ఆడుతుండగా చూసి, గట్‌మన్, వ్యాయామ శిక్షకుడు కూడా కుర్చీలెక్కి ఆడి చూశారు. ఆ ఆట మరీ మోటుగా ఉండి దెబ్బలు తగులుతున్నందున దానిని మాని బాస్కెట్‌బాల్‌ను ప్రవేశపెట్టారు. ఈత, విలువిద్య, బల్లెం విసరడం తరువాత చేరాయి.

విలువిద్యను ఈయన ప్రత్యేకంగా ఎంచుకోవడానికి కారణం ఉంది. విల్లు ఎక్కుపెట్టేటప్పుడు భుజాలు, వీపు, పొట్ట కండరాలు పనిచేయాలి. కాళ్ళ ఆధారం లేనందున మొండెం నిలకడగా నిలపడం నేర్చుకోవాలి. వెన్నుపాము తెగినచోటికి పైనున్న కండరాలు ఆ విధంగా బలపడి, కింది భాగం చేయలేని పనిని కొంతవరకు తాము మోస్తాయి. పైగా ఈ ఆటలో చక్రాల కుర్చీలోని వ్యక్తి నిలబడి ఆడేవారితో సమానంగా పోటీపడవచ్చు.

శరీరపు బరువు విషయం కూడా ఇక్కడ చెప్పుకోవలసి ఉంది. దేహంలోని పెద్ద కండరాలు తొడలలో, పిరుదులలో ఉంటాయి. అవి చచ్చుబడినపుడు శరీరం ఖర్చుచేసే శక్తి బాగా తగ్గిపోతుంది. ఆకలి మాత్రం మునుపటివలెనే ఉంటుంది. అందువల్ల మునుపటి భోజనమే తిన్నా బరువు పెరుగుతుంది. పెరిగిన ప్రతి కిలో రెండు విధాల బాధిస్తుంది. మంచం నుండి కుర్చీలోకి, కుర్చీ నుండి మరొక చోటికి మారేటపుడు ఆ బరువంతా భుజాలే మోయాలి, భుజాలు అరిగితే చక్రం తిప్పడమూ కష్టమే. కూర్చున్న చోట చర్మంపై ఒత్తిడి పెరిగి పుండ్లు పడే ప్రమాదమూ ఎక్కువవుతుంది. చచ్చుబడిన కండరాలు కృశించి ఆ చోట కొవ్వు చేరుతుంది గనుక, ఎత్తు-బరువుల నిష్పత్తితో లెక్కించే సాధారణ సూచిక ఇటువంటివారిలో స్థూలకాయాన్ని తక్కువగా చూపుతుంది. వ్యాయామంతోపాటు ఆహారం తగ్గించుకోవడమూ అవసరమే. చేతుల వ్యాయామం ఎంత చేసినా, కాళ్ళతో నడిచినంత శక్తి ఖర్చు కాదు.

2018లో ప్రచురితమైన అంతర్జాతీయ మార్గదర్శకాలు వెన్నుపాము గాయపడిన పెద్దలకు వారానికి కనీసం రెండుసార్లు, ఒక్కొక్కసారి 20 నిమిషాలపాటు ఊపిరి వేగం పెరిగేంత వ్యాయామాన్ని, వారానికి రెండుసార్లు కండరాల బలం పెంచే వ్యాయామాన్ని సూచించాయి. గుండె ఆరోగ్యం, కొవ్వు, చక్కెరల అదుపు కోరేవారికి వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున సూచించాయి. లెక్కలు కొత్తవైనా, ఈ దారిలో తొలి అడుగులు స్టోక్ మాండెవిల్ వార్డులలోనే పడ్డాయి.

పోటీల ఆరంభం

1948 జూలై 29న లండన్‌లో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యాయి. సరిగ్గా ఆ రోజే గట్‌మన్ స్టోక్ మాండెవిల్‌లో విలువిద్య పోటీ ఏర్పాటు చేశాడు. రెండు జట్లు, 16 మంది పోటీదారులు. వీరిలో 14 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు, అందరూ మాజీ సైనికోద్యోగులు. రిచ్‌మండ్‌లోని స్టార్ అండ్ గార్టర్ ఆశ్రమం జట్టు గెలిచింది. ఆతిథ్యమిచ్చిన ఆసుపత్రి జట్టు ఓడిపోయింది.

ఏటేటా ఆటలు పెరిగాయి. 1952లో నెదర్లాండ్స్ మాజీ సైనికులు పాల్గొనడంతో అవి అంతర్జాతీయ పోటీలయ్యాయి. 1956లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఫియర్న్‌లీ కప్పును ఈ క్రీడలకు బహూకరించింది.

1960లో ఒలింపిక్స్ ముగిసిన కొద్ది రోజులకు రోమ్ నగరంలో 23 దేశాల నుండి సుమారు 400 మంది చక్రాల కుర్చీ క్రీడాకారులు పోటీపడ్డారు. ఇటలీ వైద్యుడు ఆంటోనియో మాలియో దీనికి ఎంతగానో శ్రమించాడు. బస ఏర్పాటు చేసిన భవనాలకు మెట్లుండడంతో సైనికులు క్రీడాకారులను ఎత్తుకొని ఎక్కించవలసి వచ్చింది. అప్పటికి ఏడాది క్రితమే ఆఫ్రికాలో ప్రమాదానికి గురై ఈ ఆసుపత్రిలో విలువిద్య నేర్చిన మార్గరెట్ మాన్, ఆ క్రీడలలో బ్రిటన్‌కు తొలి స్వర్ణపతకం సాధించింది. 2012 లండన్ పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో జ్యోతిని వెలిగించినది ఆమెయే. రోమ్ క్రీడలనే తరువాత మొదటి పారాలింపిక్స్‌గా గుర్తించారు. పోప్ ఇరవైమూడవ జాన్ క్రీడాకారులకు దర్శనమిచ్చి, గట్‌మన్‌ను ఆధునిక ఒలింపిక్స్ స్థాపకుడైన కూబెర్టిన్‌తో పోల్చాడు.

తరువాతి పోటీలు 1964లో టోక్యోలో, 1968లో టెల్ అవీవ్‌లో, 1972లో హైడెల్‌బర్గ్‌లో, 1976లో టొరంటోలో జరిగాయి. అవయవాలు కోల్పోయినవారు, చూపులేనివారు కూడా పాల్గొన్నది టొరంటోలోనే.

భారతదేశంతో సంబంధం

భారతదేశం 1968 టెల్ అవీవ్ క్రీడలలో తొలిసారిగా పాల్గొన్నది. 1965 యుద్ధంలో గాయపడిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్, 1972 హైడెల్‌బర్గ్ క్రీడలలో 50 మీటర్ల ఈతలో స్వర్ణపతకం గెలిచాడు. ఆయనకు పద్మశ్రీ పురస్కారం 2018లో గాని రాలేదు. 1965 మే నెలలో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించి, అదే ఏడాది యుద్ధంలో వెన్నుకు తూటా తగిలి చక్రాల కుర్చీకి పరిమితమైన మేజర్ హెచ్.పి.ఎస్. ఆహ్లూవాలియా స్టోక్ మాండెవిల్‌లో చికిత్స పొందాడు. అక్కడి అనుభవంతోనే ఆయన ఢిల్లీలో భారతీయ వెన్నెముక గాయాల కేంద్రాన్ని స్థాపించాడు.

విమర్శలు

గట్‌మన్ నియంతలాంటివాడని సిబ్బందిలో, క్రీడాకారులలో పేరుండేది. ఆటల నిబంధనలన్నీ వైద్యుల చేతులలోనే ఉండేవి. ఎక్కువ దూరం కుర్చీ నడపడం గుండెకు ప్రమాదమన్న భయంతో చాలాకాలం చిన్న పరుగులనే అనుమతించారు. 1976లో గాని 1500 మీటర్ల వంటి పోటీలు రాలేదు. తరువాతి కాలంలో చక్రాల కుర్చీలపై మారథాన్‌లు పూర్తిచేసినవారు ఆ భయం ఎంత అతిశయమో నిరూపించారు. తమను రోగులుగా కాక క్రీడాకారులుగా చూడాలన్న కోరిక వారిలో బలపడటానికి, వారిని మంచంమీదనుండి లేపినవాని పెత్తనమూ ఒక కారణమే.

చివరి దశ

1961లో బ్రిటన్‌లో వికలాంగుల క్రీడాసంఘాన్ని, వెన్నుపాము వైద్యుల అంతర్జాతీయ సంఘాన్ని గట్‌మన్ స్థాపించాడు. 1966లో సర్ బిరుదు, 1976లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించాయి. వెన్నుపాము గాయాల చికిత్సపై 1973లో, వికలాంగుల క్రీడలపై 1976లో ఈయన గ్రంథాలు వెలువడ్డాయి. 1969లో ఆసుపత్రి పక్కనే నిర్మించిన క్రీడాప్రాంగణాన్ని ఎలిజబెత్ రాణి ప్రారంభించింది.

1979లో గుండెపోటు వచ్చింది. 1980 మార్చి 18న గట్‌మన్ మరణించాడు. ఆ ఏడాది పారాలింపిక్స్‌ను నిర్వహించడానికి మాస్కో నిరాకరించగా అవి నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌లో జరిగాయి. ఒలింపిక్స్ జరిగే నగరంలోనే, అవే మైదానాలలో ఈ పోటీలు జరగాలన్న ఈయన కోరిక 1988 సియోల్ క్రీడల నుండి నెరవేరుతున్నది. 2012లో ఈయన జీవితంలోని స్టోక్ మాండెవిల్ ఘట్టంపై బి.బి.సి. ఒక టెలివిజన్ చిత్రం నిర్మించింది. అదే ఏడాది లండన్ పారాలింపిక్స్‌లో క్రీడాకారుల గ్రామానికి ఈయన కుమార్తె ఈవా లోఫ్లర్ మేయరుగా వ్యవహరించింది. 2024 పారిస్ పారాలింపిక్స్ జ్యోతిని స్టోక్ మాండెవిల్‌లోనే వెలిగించారు.