తుపాకీ మూతి దగ్గర దిద్దిన తప్పు

సైన్యానికి కొత్త రైఫిల్ వస్తోందంటే వార్తల్లో కనిపించేవి తూటా సైజు, తుపాకీ బరువు, ఎంత దూరం కొడుతుంది, ఎన్ని లక్షలు కొంటున్నారు అన్న లెక్కలే. ఆ రైఫిల్ యుద్ధంలో పనిచేస్తుందా, మొరాయిస్తుందా అన్నది చాలాసార్లు ఎవరూ పేరెత్తని ఒక చిన్న భాగంపై ఆధారపడి ఉంటుంది. దాన్ని ఇప్పుడు గ్యాస్ బ్లాక్ అంటున్నారు. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత భాగం గొట్టానికి వేసిన సన్నని రంధ్రం గుండా దీనిలోకి వస్తుంది. ఆ ఒత్తిడి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. ఖాళీ తొడుగు బయటపడి, మరో తూటా తనంతట తాను లోపలికి చేరుతుంది. వాయువు తగినంత రాకపోతే ఈ పని మధ్యలో ఆగిపోతుంది. ఎక్కువైతే తుపాకీ తనను తానే దెబ్బతీసుకుంటుంది.

ఈ చిన్న భాగాన్ని సరిగ్గా కుదర్చడానికి జీవితంలో పెద్ద భాగం వెచ్చించిన మనిషి జాన్ గారండ్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుడి చేతిలో ఉన్న ఎం1 రైఫిల్‌ను ప్రపంచం ఆయన పేరుతోనే పిలుస్తుంది.

గారండ్ 1888 జనవరి 1న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, సెయింట్ రెమీ అనే ఊళ్లో పుట్టారు. ఫ్రెంచి మాట్లాడే రైతు కుటుంబం. ఇంటినిండా పిల్లలు. చిన్నప్పుడే తల్లి పోవడంతో కుటుంబం అమెరికాలోని కనెటికట్‌కు వలస వెళ్లింది. బాలుడు బట్టల మిల్లులో నేల ఊడ్చే పనికి కుదిరాడు. ఇంగ్లిషూ, యంత్రాల పనీ రెండూ అక్కడే నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే మెషినిస్టు అయ్యాడు. తర్వాత పనిముట్లు తయారుచేసే కార్ఖానాల్లో చేయి తిరిగింది. గురిచూసి కాల్చే ఆటమీద ఇష్టం ఉండేది. పెద్ద చదువులు లేవు. గీసిన బొమ్మను లోహంలో తానే చెక్కుకోగలగడమే ఆయన బలం.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన రూపొందించిన తేలికపాటి మెషిన్‌గన్ నమూనా ప్రభుత్వం దృష్టిలో పడింది. అది సిద్ధమయ్యేసరికి యుద్ధం ముగిసింది. కానీ మనిషి విలువ అధికారులకు తెలిసింది. 1919లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో ఉద్యోగం ఇచ్చారు. మరుసటి ఏడాది ఆయన అమెరికా పౌరుడయ్యారు. అప్పగించిన పని ఒక్కటే: ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగనక్కర లేని పదాతి రైఫిల్.

ఆయన మొదట ఎంచుకున్న దారిలో గ్యాస్ ప్రమేయమే లేదు. తూటా అడుగున ఉండే ప్రైమర్ పేలినప్పుడు కొద్దిగా వెనక్కి జరుగుతుంది. ఆ కదలికతోనే బోల్టు తాళం విప్పవచ్చని ఆయన ఆలోచన. నమూనాలు పనిచేశాయి. ఇంతలో సైన్యం తూటాలో వాడే మందు మార్చింది, ప్రైమర్ కదలకుండా బిగించింది. ఏళ్ల శ్రమ పక్కన పెట్టాల్సి వచ్చింది. గారండ్ అలిగి వెళ్లిపోలేదు, గ్యాస్ పద్ధతికి మళ్లారు. అదే ఆయుధాగారంలో జాన్ పెడర్సన్ అనే పేరున్న డిజైనర్ చిన్న తూటాతో పోటీ రైఫిల్ తయారుచేస్తున్నారు. గారండ్ కూడా ఆ .276 తూటాకు తగ్గట్టు మరో నమూనా చేశారు. 1932లో సైనిక ప్రధానాధికారి డగ్లస్ మెకార్థర్, అప్పటికే గోదాముల్లో గుట్టలుగా ఉన్న .30 తూటానే కొనసాగించాలని తేల్చారు. లెక్క మళ్లీ మారింది. గారండ్ మళ్లీ సర్దుకున్నారు. 1936 జనవరిలో ఎం1 అధికారికంగా ఆమోదం పొందింది.

అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది. మంచి గొట్టానికి రంధ్రం వేయడం అప్పటి ఆయుధ శాఖకు ఇష్టం ఉండేది కాదు. అందుకే తొలి ఎం1లో గొట్టం మూతికి ముందు ఒక తొడుగు బిగించి, తూటా బయటపడ్డాక వచ్చే వాయువును అక్కడ పట్టేవారు. కాగితం మీద బాగానే ఉంది. వాడకంలో మసి పేరుకునేది, శుభ్రం చేయడం కష్టమయ్యేది. ఆ తొడుగు ముందుభాగం వదులైతే తూటా దానికే తగిలే ప్రమాదం ఉండేది. బాయ్‌నెట్ బిగిస్తే ఆ భారం మోయడానికీ అది బలహీనంగా ఉండేది. ముందరి సైటు కూడా ఆ భాగం మీదే ఉండటంతో, అది కదిలితే గురి కూడా కదిలినట్టే.

అప్పటికి ఉత్పత్తి సాగుతోంది, డబ్బు ఖర్చయింది, పత్రికల్లోనూ కాంగ్రెస్‌లోనూ విమర్శలు మొదలయ్యాయి. లోపం ఒప్పుకుంటే పరువు పోతుందని దాచిపెట్టడం ఏ దేశపు ఆయుధ శాఖకైనా తేలికైన దారి. గారండ్, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆ దారి పట్టలేదు. మూతి తొడుగును పూర్తిగా తీసేశారు. గొట్టం అడుగున, మూతికి కాస్త వెనక, సన్నని రంధ్రం వేశారు. దాన్ని కప్పుతూ కొత్త గ్యాస్ సిలిండర్ అమర్చారు. గొట్టం మీద గాడులు చేసి, అది పక్కకు తిరగకుండా కూర్చోబెట్టి, ముందు నుంచి తాళంతో బిగించారు. ఇందులో మర్మమంతా రంధ్రం, సిలిండర్ ఒకే వరుసలో ఉండటం, ఆ బిగింపు సడలకపోవడం. నేటి రైఫిళ్లకు గ్యాస్ బ్లాక్ మార్చే ఆర్మరర్ చూసుకునేదీ ఇదే.

1939లో ఈ మార్పు ఖరారైంది. 1940 నుంచి కొత్త తుపాకులు ఇలాగే వచ్చాయి. అప్పటికే తయారైన దాదాపు 50,000 పాత రైఫిళ్లలో చాలావాటిని, మరమ్మతుకు వచ్చినప్పుడల్లా కొత్త పద్ధతికి మార్చేశారు. పాత రూపంలో మిగిలినవి ఇప్పుడు సేకర్తల దగ్గర అరుదైన వస్తువులు.

ఈ దిద్దుబాటు జరిగిన కాలం ముఖ్యం. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగేనాటికి లోపం తొలగిపోయింది. ఫిలిప్పీన్స్‌లో బటాన్ పోరాటంలో ఎం1 దుమ్ములోనూ నిలబడిందని నివేదిక పంపింది, తూటా విషయంలో ఒకప్పుడు గారండ్ పనిని మలుపు తిప్పిన మెకార్థరే. ప్రత్యర్థి సైన్యాల్లో ఎక్కువ మంది పదాతి సైనికులు ఒక్కో తూటాకు బోల్టు లాగుతుంటే, అమెరికన్ సైనికుడు ఎనిమిది తూటాల క్లిప్పును ట్రిగ్గర్ నొక్కుతూ ఖాళీ చేసేవాడు. యుద్ధం ముగిసేసరికి సుమారు 40 లక్షల ఎం1లు తయారయ్యాయి. మొత్తం ఉత్పత్తి 50 లక్షలు దాటింది.

దానివల్ల గారండ్ సంపాదించింది జీతమే. పేటెంట్ హక్కులను ప్రభుత్వానికి ఇచ్చేశారు, రాయల్టీ తీసుకోలేదు. లక్ష డాలర్ల బహుమతి ఇవ్వాలని కాంగ్రెస్‌లో ప్రవేశపెట్టిన బిల్లు ఆమోదం పొందలేదు. 1944లో ప్రభుత్వం పతకం ఇచ్చింది. 1953 వరకు అదే ఆయుధాగారంలో పనిచేసి రిటైరయ్యారు. 1974 ఫిబ్రవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే కన్నుమూశారు.

ఆయన రైఫిల్ నీడ మన ఉపఖండం మీదా పడింది. 1954 నాటి సైనిక సాయ ఒప్పందం తర్వాత అమెరికా నుంచి పాకిస్తాన్ సైన్యానికి చేరిన ఆయుధాల్లో ఎం1 కూడా ఉంది. 1962లో చైనాను ఎదుర్కొన్న మన జవాన్ల చేతుల్లో మాత్రం ఎక్కువగా బోల్టు లాగే .303 రైఫిళ్లే ఉన్నాయి. ఆ తర్వాతే ఇషాపూర్ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్‌తో నడిచే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ విస్తృతంగా వచ్చింది. దాన్ని మోసిన పాత తరం సైనికులకూ, పోలీసులకూ గ్యాస్ రెగ్యులేటర్‌ను తుపాకీకి తగ్గట్టు తిప్పుకోవడం బాగా గుర్తుండే ఉంటుంది. తర్వాత ఇన్సాస్ వచ్చింది. కార్గిల్ ఎత్తుల్లో చలికి దాని మ్యాగజైన్లు పగిలాయన్న ఫిర్యాదులు ఏళ్ల తరబడి వెంటాడాయి.

ఇప్పుడు అమేథీ జిల్లా కోర్వాలో ఆరు లక్షలకు పైగా ఏకే-203 రైఫిళ్ల తయారీ ఒప్పందం అమలవుతోంది. ఏ ఆయుధమూ ఆమోదం పొందిన రోజున పూర్తి కాదు. సరిహద్దు మంచులో, ఎడారి ఇసుకలో జవాను గమనించిన లోపం డిజైనర్ బల్ల మీదకు ఎన్ని రోజుల్లో చేరుతుంది? చేరాక ఇప్పటికే ఇచ్చిన రైఫిళ్లను వెనక్కి తెప్పించి భాగం మార్చే ధైర్యం, విడిభాగాలు, శిక్షణ పొందిన ఆర్మరర్లు ఉన్నారా? కొత్త రైఫిల్ ఒప్పందంపై సంతకం చేసే వారిని అడగాల్సిన మొదటి ప్రశ్నలు ఇవే. గారండ్‌కు తప్పు దిద్దుకోవడానికి యుద్ధానికి ముందు రెండేళ్లు దొరికాయి. అందరికీ అంత గడువు దొరకదు.