వెలుగును చదివిన సర్ సి.వి. రామన్

పేలుడు పదార్థం పొడి చిటికెడు ఒక సంచికి అంటుకుని ఉందనుకోండి. చేత్తో ముట్టుకోకుండానే, దాని మీద లేజర్ కాంతిని పంపి, తిరిగివచ్చిన వెలుగును పరీక్షించి అదేమిటో చెప్పవచ్చు. ఎమ్మెస్సీలో ఈ పాఠం చదివినప్పుడు, దీనికి పునాది వేసిన మహనీయుడు మన విశాఖపట్నంలో పెరిగినవాడేనని తెలిసి పొంగిపోయాం.

చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి విశాఖ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు కావడంతో బాల్యం అక్కడే గడిచింది. 11వ ఏటనే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1907లో ఎం.ఏ. పూర్తిచేసి, ఆర్థికశాఖ పరీక్ష నెగ్గి, కలకత్తాలో ఉద్యోగంలో చేరారు. పగలు ఆఫీసు లెక్కలు చూసేవారు. ఉదయం, సాయంత్రం బౌబజార్ వీధిలోని సైన్సు సంస్థలో ప్రయోగాలు చేసేవారు. 1917లో జీతం తగ్గినా సరేనని ఆ కొలువు వదిలి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

1921లో ఓడ ప్రయాణంలో చూసిన మధ్యధరా సముద్రపు నీలిరంగు ఆయనను ఆలోచనలో పడేసింది. ఏళ్ల కృషి తర్వాత 1928 ఫిబ్రవరి 28న, కె.ఎస్. కృష్ణన్ తోడ్పాటుతో, పదార్థంపై పడి చెదిరిన కాంతిలో అతి స్వల్పభాగం రంగు మారుతుందని కనుగొన్నారు. కోటి కాంతికణాల్లో ఏ ఒక్కటో అలా మారుతుంది. ఆ మార్పు ఒక్కో పదార్థానికి ఒక్కో రకంగా, మన వేలిముద్రలా ఉంటుంది. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో లేజర్ పుట్టాక ఆ మసక వెలుగును పట్టడం సులువైంది. పేలుడు పదార్థాలను ఇలా గుర్తించే పరిశోధనలు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ జరిగాయి.

ఆయనలో లోపాలు లేవని మేము అనం. 1933లో బెంగుళూరు సైన్సు సంస్థ సంచాలకులుగా ఉండగా, కమలా భాగవత్ అనే విద్యార్థినిని ఆడపిల్ల అన్న కారణంతో మొదట చేర్చుకోలేదు. ఆమె పట్టుబట్టి చేరి, 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు సాధించారు. చెల్లెళ్లారా, ఇది కూడా గుర్తుంచుకోండి.

రామన్ గారు 1970 నవంబరు 21న కన్నుమూశారు.

తమ్ముళ్లారా, ఆయన పుట్టింది అధ్యాపకుల ఇంట్లో. మేమేమో మా ఇళ్లలో డిగ్రీ చూసిన మొదటివాళ్లం. వచ్చిన ఉద్యోగం వదులుకోమని మీకు చెప్పలేం. మన ఇళ్లు ఆ జీతం కోసమే ఎదురుచూస్తుంటాయి. కానీ ఆయన ఉద్యోగం చేస్తూనే పదేళ్లు ప్రయోగాలు విడిచిపెట్టలేదు. అది మనకూ సాధ్యమే. కొలువు వచ్చిందని చదువు ఆపకండి.