నౌకాధిపతి చెస్టర్ నిమిట్జ్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, టెక్సాసు రాష్ట్రమున, ఫ్రెడెరిక్స్‌బర్గ్ అను చిన్న పట్టణము కలదు. జర్మనీ నుండి వలసవచ్చినవారు దానిని 1846లో స్థాపించిరి. ఇంట జర్మను, వెలుపల ఇంగ్లీషు. ఇట్లు రెండు భాషల నడుమ అచ్చటి బిడ్డలు పెరుగుచుండిరి. మన పాఠశాల విద్యార్థులకు ఈ స్థితి క్రొత్తది కాదు. ఆ పట్టణమున 1885 ఫిబ్రవరి 24వ తేదీన చెస్టర్ నిమిట్జ్ జన్మించెను. అతడు పుట్టకముందే తండ్రి మరణించెను. యౌవనమున ఓడలపై పనిచేసి, పిదప హోటలు నడుపుచుండిన తాత అతనిని చేరదీసెను. ఆ యూరికి సముద్రము బహుదూరము. బాలుడు తాత చెప్పిన కథలలోనే దానిని మొదట చూచెను.

అయినను అతడు కోరినది నౌకాదళము కాదు, భూసైన్యము. వెస్ట్ పాయింటు సైనిక కళాశాలలో ఖాళీ లేకపోవుటచే అనపోలిస్ నౌకా కళాశాల ప్రవేశపరీక్ష వ్రాసి, 1901లో అందు చేరెను. 1905లో 114 మందిలో ఏడవవాడుగా ఉత్తీర్ణుడయ్యెను.

1908లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, అతడు ఫిలిప్పీను దీవులలో డెకేటర్ అను డిస్ట్రాయరుకు నాయకుడై యుండెను. జూలై 7వ తేదీన బటంగాస్ రేవును సమీపించుచు, ఓడ ఉన్న తావును కొలిచి నిర్ణయింపక అంచనాతో నడపుటచే, అది మేట నెక్కి నిలిచిపోయెను. మరునాడు వేరొక ఓడ వచ్చి లాగినగాని కదలలేదు. సైనిక న్యాయస్థానము విచారణ జరిపి, కర్తవ్యమున ఉపేక్ష చూపెనని అతనిని మందలించెను.

ఆ కాలమున నౌకాదళమందలి ప్రతిష్ఠ అంతయు బాటిల్‌షిప్పులది. అడ్మిరలు కాగోరువాడు పెద్ద ఫిరంగుల నడుమనే పెరుగవలెనని అందరి నమ్మకము. స్వదేశమునకు మరలిన నిమిట్జ్ కూడ బాటిల్‌షిప్పునే కోరెను. కాని 1909 జనవరిలో అతనికి లభించినది జలాంతర్గామి దళము, అనగా సబ్‌మెరీనులలో కొలువు. అతని తొలి సబ్‌మెరీను ప్లంజర్ పొడవు సుమారు 64 అడుగులు. అందలి సిబ్బంది ఏడుగురు. పెట్రోలుతో నడచు ఇంజను వలన లోపల ఆవిరి క్రమ్మి తల తిరుగుచుండెడిది. ఒక్క నిప్పురవ్వ చాలును, అందరి ప్రాణములు పోవుటకు.

ఇష్టము లేని కొలువు దొరికినవాడు సాధారణముగా బదిలీకై ఎదురుచూచుచు దినములు గడపును. నిమిట్జ్ ఆ గొట్టములోనికి దిగి, ఇంజను మరయు మరయు విప్పి నేర్చుకొనెను. పెట్రోలుకు బదులు డీజిలు వాడవలెనని పై అధికారులకు పట్టుదలతో చెప్పెను. 1912 ఫిబ్రవరిలో దళమున చేరిన స్కిప్‌జాక్ అను డీజిలు సబ్‌మెరీనుకు అతడే నాయకుడు. మరుసటి నెలలో, ఈత రాని నావికు డొకడు నీటబడి ప్రవాహమున కొట్టుకొనిపోవుచుండగా, తాను దూకి అతనిని కాపాడెను. 1913లో డీజిలు ఇంజనుల నభ్యసించుటకు ప్రభుత్వ మతనిని జర్మనీకి పంపెను. ఇంటి భాష అచ్చట విద్యాభాష యయ్యెను.

తిరిగివచ్చి, మామీ అను నూనె ఓడకు డీజిలు ఇంజనులను అమర్చు పనిని నడపెను. ఒకనాడు సందర్శకులకు యంత్రమును చూపుచుండగా, చేతొడుగు పండ్లచక్రములలో చిక్కి, ఒక వ్రేలి కొన తెగిపోయెను. కళాశాల ఉంగరము అడ్డుపడుటచే మిగిలినది దక్కెను. 1917లో ఆ మామీ నడిసముద్రమున కదలుచునే డిస్ట్రాయరులకు నూనె నందించెను. అప్పుడు అందలి ఇంజను అధికారి నిమిట్జే.

ఇంజనుల పండితుడుగా పేరొందినవాడు ఆ గదిలోనే నిలిచిపోవుట కలదు. సబ్‌మెరీను దళాధిపతి రాబిసన్ వద్ద పనిచేయు కాలమున నిమిట్జ్ మార్గము మరల నాయకత్వమువైపు తిరిగెను. 1919లో సౌత్ కరొలినా అను బాటిల్‌షిప్పులో ద్వితీయాధికారి యయ్యెను. పదేండ్ల క్రింద కోరినది అప్పటికి లభించినది! 1920లో పెరల్ హార్బరున సబ్‌మెరీను స్థావరమును నిర్మించుటకు వెడలెను. పిదప సబ్‌మెరీను విభాగము, క్రూయిజరు, కార్యాలయము అనుచు పదవులు మారెను. నీటిపైనా, నీటిక్రిందనా అను ప్రశ్నకు అతడు ఒకే సమాధానము నెన్నడు నీయలేదు.

1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు పెరల్ హార్బరుపై విరుచుకొనిపడెను. ఎనిమిది బాటిల్‌షిప్పులు దెబ్బతినగా, వానిలో నాలుగు మునిగెను. సబ్‌మెరీను స్థావరము మాత్రము నిలిచెను. ఆ నెల 31వ తేదీన నిమిట్జ్ గ్రేలింగ్ అను సబ్‌మెరీను పైతట్టుపై నిలబడి పసిఫిక్ నౌకాదళాధిపత్యము స్వీకరించెను.

మరుసటి సంవత్సరము జూన్ 4వ తేదీన మిడ్వే యుద్ధము జరిగెను. నాటిలస్ అను అమెరికా సబ్‌మెరీనును తరుముచు ఒక జపాను డిస్ట్రాయరు వెనుకబడెను. అది తన దళమును కలియుటకు పరుగిడుచుండగా, అమెరికా విమానములు దాని జాడ ననుసరించి జపాను విమానవాహక నౌకలను కనుగొనెను. ఆ యుద్ధమున జపాను నాలుగు విమానవాహకములను గోల్పోయెను. 1943 జూన్‌లో, టార్పెడోలందలి అయస్కాంతపు పేలుడు యంత్రము పనికిరాకున్నదని నావికులు మొరపెట్టగా, దానిని వాడవలదని నిమిట్జ్ ఆజ్ఞాపించెను. యుద్ధాంతమునకు జపాను కోల్పోయిన ఓడలలో సగమునకు పైగా సబ్‌మెరీనులే ముంచెను. అందుకు చెల్లిన మూల్యము 52 సబ్‌మెరీనులు, 3500కు మించిన ప్రాణములు. నిమిట్జ్ కుమారుడును ఆ దళముననే నాయకుడై యుండెను.

1945 సెప్టెంబరు 2వ తేదీన మిస్సోరి యుద్ధనౌకపై అమెరికా పక్షమున అతడు సంతకము చేసెను. 1946లో నూరెంబర్గున జర్మను నౌకాధిపతి డోనిట్జ్ విచారణలో, తమ సబ్‌మెరీనులు కూడ మొదటి దినము నుండియు ముందు హెచ్చరింపకయే జపాను వర్తక నౌకలను ముంచెనని నిమిట్జ్ లిఖితపూర్వకముగా ఒప్పుకొనెను. గెలిచినవాడు ఓడినవానికొరకు అట్టి మాట వ్రాయుట అరుదు. 1947లో, నౌకాదళ ప్రధానాధికారిగా, అణుశక్తితో నడచు సబ్‌మెరీను నిర్మాణమును అతడు సమర్థించెను. 1949లో ఐక్యరాజ్యసమితి కాశ్మీరమున ప్రజాభిప్రాయ సేకరణ నిర్వహించుటకు అతనిని నియమించెను గాని ఆ సేకరణము జరుగనేలేదు.

1966 ఫిబ్రవరి 20వ తేదీన నిమిట్జ్ మరణించెను. కాలిఫోర్నియాలోని సాన్ బ్రూనో సైనిక శ్మశానమున, సామాన్య నావికుల రాళ్ళవంటి రాతి క్రింద, అతనిని పాతిపెట్టిరి. బ్రతికియున్నపుడే చేసికొనిన ఏర్పాటు ప్రకారము అతని చెంత ముగ్గురు సహచరులు విశ్రమించిరి. వారిలో స్ప్రూయన్స్, టర్నర్ అనువారు నీటిపై ఓడలను నడపినవారు. లాక్‌వుడ్ పసిఫిక్ సబ్‌మెరీనుల అధిపతి.