తూనీగ విమానము

బ్రెజిలు దేశమున మినాస్ జెరైస్ అను ప్రాంతమున 1873వ సంవత్సరము జూలై 20వ తేదీన అల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్ జన్మించెను. అతని తండ్రి గొప్ప కాఫీ తోటలకు యజమాని. ఆ తోటలలో సరకు మోయుటకు రైలుబాట యుండెను. పండ్రెండేండ్ల ప్రాయముననే బాలుడు ఆ రైలింజను నడపనేర్చెను. చేత జూల్ వెర్న్ నవల, కంటియెదుట యంత్రము. వీనితోనే అతని బాల్యము గడచెను.

1892లో తండ్రి యిచ్చిన ధనముతో అతడు పారిసు నగరము చేరెను. గాలిగుమ్మటములకు ఇంజను తగిలించి, కోరిన దిక్కునకు నడుపవలెనని అతని పట్టుదల. 1901 ఆగస్టులో అతని గుమ్మటము ఒక భవనపు కప్పునకు తగిలి చినిగిపోయెను. గోడప్రక్కన వ్రేలాడుచున్న అతనిని అగ్నిమాపక దళమువారు త్రాళ్లతో పైకి లాగిరి. అతడు వెంటనే మరియొకటి కట్టనారంభించెను! అక్టోబరు 19న ఐఫెల్ గోపురమును చుట్టివచ్చి బహుమతి గెలిచెను. ఆ ధనమును పనివారికిని పారిసులోని పేదలకును పంచిపెట్టెను.

1906లో అతడు విమానముపై 60 మీటర్లు, తరువాత 220 మీటర్లు ఎగిరెను. కాని ఆ విమానము పెట్టెలు పేర్చినట్లు మిక్కిలి స్థూలముగా నుండెను. సామాన్యుడు కట్టుకొనదగిన చిన్న విమానమును చేయవలెనని అతడు సంకల్పించెను.

తేలికగా నుండవలెను, విరుగరాదు. ఈ రెండును ఒకచోట నిలుచుట కష్టము. లోన డొల్లగా నున్న గొట్టము బరువు తక్కువే కాని, వంచినచో దాని గోడ లోనికి నొక్కుకొని మడత పడును. వెదురునకు మాత్రము కణుపు కణుపునకు అడ్డుగోడ యున్నది. కావున అది అంత సులభముగా నొక్కుకొనదు.  శాంటోస్ డ్యూమాంట్ 1907లో ఒంటి వెదురునకు రెక్కలు, తోక అమర్చి చిన్న విమానము చేసెను. అది ఎగిరెను కాని దాని చట్రమునకు బిగువు చాలలేదు. పలుమారులు మార్చి, 1909 నాటికి మూడు వెదుళ్లను ముక్కోణముగా నిలిపి, నడుమ ఉక్కు గొట్టములు అడ్డముంచి, తీగెలతో బిగించెను. రెక్కలకు పట్టుగుడ్డ కప్పెను. మొత్తము బరువు సుమారు 110 కిలోలు. నడుపువాడు ఇంజను క్రింద గుడ్డపీటపై కూర్చుండవలెను. రెక్కల తీగెలను లాగు కడ్డీ అతని కోటు వెనుక జేబులో నుండెను. ఒరిగిన వైపునకు విమానమును సరిదిద్దుటకు తానే ఒరుగవలెను! దీనికి ఫ్రెంచివారు దెమ్వాజెల్ అని పేరిడిరి. తూనీగ అనియు ఆ మాటకు అర్థము. 1909 సెప్టెంబరులో అది 8 కిలోమీటర్లను 5 నిమిషములలో దాటెను.

దానిపై హక్కులను అతడు తనకై దాచుకొనలేదు. కోరినవారెల్లరు కట్టుకొనవచ్చునని విడిచిపెట్టెను. 1910లో అమెరికాలోని ఒక యంత్రశాస్త్ర పత్రిక దాని పటములను, కొలతలను ప్రకటించెను. తమ యింటి కొట్టములలోనే వెదురు కోసి విమానము కట్టబూనినవారికి అవి దారి చూపెను.

ఆ యేడాదియే తీగె తెగి విమానము కూలగా అతడు గాయపడెను. పిదప రోగము పైకొనుటచే ఎగురుట మానెను. తరువాతి కాలమున విమానములు బాంబులు మోయుట చూచి అతని మనస్సు క్షోభించెను. 1926లో దానిని నిషేధింపుడని నానాజాతి సమితికి విన్నవించెను. ఆ విన్నపము ఫలింపలేదు. 1932 జూలై 23న బ్రెజిలులో గ్వారుజా అను సముద్రతీర పట్టణమున అతడు కన్నుమూసెను. వెదురు తూనీగ ఒకటి పారిసు చెంత లె బూర్జే విమాన ప్రదర్శనశాలలో భద్రపరుపబడినది.